పిల్లల కొలతలు కాకిలెక్కలు కాకూడదు: పరిశోధనలకు నిధులిచ్చేవారికి, ఆమోదించేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పసిపిల్లలు, బడిపిల్లలు, కౌమారంలో ఉన్నవాళ్లు ఎలా ఎదుగుతున్నారు, ఏం తింటున్నారు, ఎంతసేపు నిద్రపోతున్నారు, ఎంత ఆడుతున్నారు అని తెలుసుకునే అధ్యయనాలకు డబ్బిచ్చేది మీరు. వాటి ప్రణాళికలు చదివి సంతకం పెట్టేదీ మీరే. ఆ అధ్యయనాల్లో కొలతలు తీసేవాళ్లకు శిక్షణ ఇవ్వడం, వాళ్లు తెచ్చిన డేటాను సరిచూడటం మా పని. మా చేతికొచ్చే ప్రణాళికల్లో ఎంతమంది పిల్లలు కావాలో, లెక్కలు ఏ పద్ధతిలో కడతారో పేజీలకు పేజీలు ఉంటాయి. బిడ్డ పొడవు ఎలా కొలుస్తారన్నది మాత్రం ‘ప్రామాణిక పద్ధతిలో’ అన్న రెండు మాటలతో సరిపెడతారు. ఆ రెండు మాటల వెనక ఎంత పనుందో, అది సరిగ్గా జరగకపోతే మీ చేతికొచ్చే ఫలితం ఎంత మారిపోతుందో చెప్పాలనే ఈ లేఖ.

ముందు పొడవు సంగతే చూద్దాం. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, రెండేళ్లు నిండినవాళ్లను నిలబెట్టి కొలవాలి. పడుకోబెట్టి కొలవడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు కొలబల్ల చివరనున్న తలపలక వెనక ఉండి, రెండు చేతులతో బిడ్డ తలను చెవుల మీదుగా పట్టుకుని, నడినెత్తి పలకకు తగిలేలా చూడాలి. బిడ్డ చూపు నిటారుగా పైకి ఉండాలి. గడ్డం ఛాతీకి ఆనకూడదు, వెనక్కీ వాలిపోకూడదు. రెండోవాళ్లు పక్కన ఉండి, ఒక చేత్తో మోకాళ్లను మెత్తగా అదిమి కాళ్లు చాపించి, రెండో చేత్తో పాదపలకను జరపాలి. అరికాళ్లు రెండూ పలకకు చదునుగా ఆని, వేళ్లు పైకి ఉన్న ఆ క్షణంలోనే, కన్ను అంకెకు ఎదురుగా పెట్టి మిల్లీమీటరు దాకా చదవాలి. అప్పుడే పుట్టిన బిడ్డ మోకాళ్లు పూర్తిగా చాపుకోవు, బలవంతం పనికిరాదు. బిడ్డ మరీ గింజుకుంటుంటే ఒక కాలితో కొలిచి, ఆ సంగతి ఫారంలో రాయాలి.

తప్పు జరిగితే అది ఎటు వైపు లాగుతుందో కూడా తెలిసిన విషయమే. మోకాలు వంగితే పొడవు తగ్గి, నిక్షేపంగా ఎదుగుతున్న బిడ్డ గిడసబారిన (వయసుకు తగ్గ పొడవు లేని) లెక్కలో పడుతుంది. నెత్తికీ పలకకూ మధ్య ఖాళీ ఉన్నా, పాదం చదునుగా ఆనకుండా కాలివేళ్లు పలకను తన్నుతున్నా పొడవు పెరుగుతుంది. నిలబెట్టి కొలిచేటప్పుడు జడ, ముడి, క్లిప్పు తీయించకపోతే ఎత్తు పెరుగుతుంది. వెన్నుపూసల మధ్య మెత్తటి భాగాలు పగలంతా అణగడం వల్ల పొద్దున కొలిచిన ఎత్తు సాయంత్రానికి కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. అందుకే ఒకే బిడ్డను ఏటేటా కొలిచే అధ్యయనంలో రోజులో ఏ పూట కొలిచారన్నది రాసి తీరాలి. రెండేళ్లలోపు బిడ్డను తప్పనిసరై నిలబెట్టి కొలిస్తే 0.7 సెంటీమీటర్లు కలపాలి, రెండేళ్లు దాటినవాళ్లను పడుకోబెట్టి కొలిస్తే అంతే తీసేయాలి. ఏ భంగిమలో కొలిచారో రాసే గడి ఫారంలో లేకపోతే ఈ సవరణ చేసే దారే ఉండదు. ఆ గడి లేని ఫారాలు మా దగ్గరికి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

సెంటీమీటరు తేడాకు ఇంత రాద్ధాంతం ఎందుకని మీరు అడగొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండేళ్ల వయసులో పొడవుకు ప్రామాణిక విచలనం (పిల్లల కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) దాదాపు 3 సెంటీమీటర్లు. ప్రమాణంలోని నడిమి కొలతకు బిడ్డ ఎన్ని విచలనాల దూరంలో ఉందో చెప్పేదే జెడ్ స్కోరు. అంటే ఒక సెంటీమీటరు తప్పు దాన్ని దాదాపు 0.33 మారుస్తుంది. పుట్టినప్పుడు ఆ విచలనం 2 సెంటీమీటర్లకు కాస్త తక్కువే కాబట్టి, అదే సెంటీమీటరు సగం జెడ్ స్కోరు అవుతుంది.

ఇక్కడ చాలామంది పెద్దవాళ్లు కూడా పొరబడతారు. తప్పులు కొన్ని పైకి, కొన్ని కిందికి పోతాయి, మొత్తం మీద సర్దుకుంటాయి అంటారు. సగటు సర్దుకుంటుంది, నిజమే. కానీ మీరు విధానాల కోసం అడిగేది సగటు కాదు, ‘జెడ్ స్కోరు మైనస్ 2 కంటే కిందున్న, అంటే గిడసబారిన పిల్లలు వందకు ఎంతమంది’ అని. అది సర్దుకోదు. ఒక చోట పిల్లల సగటు జెడ్ స్కోరు మైనస్ 1, విచలనం 1.0 అనుకోండి. వందకు 16 మంది గిడసబారినట్టు తేలుతుంది, మైనస్ 3 కంటే కిందున్నవాళ్లు, అంటే తీవ్రంగా గిడసబారినవాళ్లు, రెండు మూడు శాతం. పిల్లలు వాళ్లే, సగటూ అదే. తప్పుడు కొలతలవల్ల విచలనం మాత్రం 1.3కి పెరిగిందనుకుందాం. గిడసబారినవాళ్లు వందకు 22కి ఎగబాకుతారు, తీవ్రంగా గిడసబారినవాళ్లు 2.3 శాతం నుంచి 6 శాతం దాటతారు. ఒక్క బిడ్డా కుంగకుండానే లెక్కలో తీవ్ర సమస్య రెట్టింపుకు మించి పెరిగింది. తర్వాతి సర్వేలో మంచి బృందం వెళ్లి సరిగ్గా కొలిస్తే అది తగ్గుతుంది. అప్పుడు మధ్యలో నడిచిన పథకానికి చప్పట్లు పడతాయి. పేదలూ ఉన్నవాళ్లూ కలిసిన జనాభాలో విచలనం సహజంగానే కొంత ఎక్కువ ఉండొచ్చు, అది కాదనం. కానీ ఏ నివేదికలోనైనా ఆ అంకె కనబడకపోతే, అందులోని శాతాన్ని ఎలా నమ్మాలో మాకు తెలియదు.

వయసు తప్పు ఇంకా లోతైనది, ఎందుకంటే అది బల్ల మీద కనబడదు. రెండో ఏట బిడ్డ నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. వయసు ఒక నెల తప్పు పడితే పొడవు సెంటీమీటరు తప్పు పడినట్టే. ‘ఎన్ని నెలలు?’ అని అడిగితే 12, 18, 24, 36 అని గుండ్రటి జవాబులు వస్తాయి. పుట్టిన తేదీ కావాలి, అదీ కాగితం చూసి రాసుకోవాలి. కాగితం లేని చోట, అక్కడివాళ్లందరికీ గుర్తుండే సంఘటనలతో నెలనెలా ఒక క్యాలెండర్ ముందే తయారుచేసుకుని, వాటికి ముందా వెనకా అని అడుగుతూ నెలకు చేరాలి. రోజు తెలియదని అందరికీ 15వ తేదీ రాసేసిన ఫైళ్లు ఎన్నో. రాయండి, తప్పులేదు. అది ఊహించిన తేదీ అని పక్కన గుర్తు పెట్టండి.

తేదీలు నమ్మదగ్గవో కాదో పట్టుకునే ఉపాయం ఒకటుంది. పిల్లల్ని ఫైల్లో రాసిన పుట్టిన నెల ప్రకారం విడదీసి, జనవరి పిల్లల సగటు జెడ్ స్కోరునూ డిసెంబరు పిల్లల సగటునూ పక్కపక్కన పెట్టండి. సంవత్సరం సరిగ్గానే తెలిసి, నెల మాత్రం ఎటుపడితే అటు రాసిన చోట, జనవరి అని పడినవాళ్లు నిజానికి అంతకంటే చిన్నవాళ్లు. రాసిన వయసుకు పొట్టిగా కనబడతారు. డిసెంబరు అని పడినవాళ్లు నిజానికి ఇంకా పెద్దవాళ్లు, పొడుగ్గా కనబడతారు. డిసెంబరు 31కీ జనవరి 1కీ మధ్య సగటు ఒక్కసారిగా పడిపోతే ఏ రుతువుకూ దానితో సంబంధం లేదు, అది తేదీల తప్పు. ఈ లెక్కకు పది నిమిషాలు చాలు. తుది నివేదిక కోసం ఆగకుండా డేటా వచ్చిన మొదటి వారంలోనే అడగండి.

అంకెల చివరి స్థానమూ మాట్లాడుతుంది. మిల్లీమీటరు దాకా నిజంగా చదివితే చివరి అంకె 0 నుంచి 9 దాకా ఒక్కొక్కటీ పదో వంతు రావాలి. 0, 5 కలిపి ఐదో వంతు. అవే 40 శాతం ఉంటే ఎవరో అంచనాగా గుండ్రం చేస్తున్నారన్నమాట. ఎవరన్నది కొలిచినవాళ్ల కోడ్ ప్రకారం విడదీస్తే తెలుస్తుంది. తెలిసినా గద్దించకండి. రోజుకు ఎన్ని ఇళ్లు తిరగమన్నారో ముందు చూడండి. ఇంటికింతని డబ్బిచ్చే పద్ధతిలో గుండ్రటి అంకెలు రాకపోతేనే ఆశ్చర్యం.

సరిగ్గా చేయడం అసాధ్యమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాలు 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘానా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిచి తయారైనవి. అక్కడ ప్రతి బిడ్డనూ ఇద్దరు విడివిడిగా, ఒకరి అంకె మరొకరికి తెలియకుండా కొలిచారు. ఆ తర్వాత రెండూ పోల్చారు. పొడవులో 7 మిల్లీమీటర్లు, బరువులో 100 గ్రాములు, తల చుట్టుకొలతలో 5 మిల్లీమీటర్లు మించి తేడా వస్తే ఇద్దరూ మళ్లీ కొలిచారు. ప్రపంచమంతా ఈ ప్రమాణాలతోనే పిల్లల్ని పోలుస్తోంది. పోల్చే కొలత మాత్రం ఒక్కరు, ఒక్కసారి, హడావుడిగా తీసింది.

మీ ప్రణాళికల్లో శిక్షణ చివర ఒక పరీక్ష ఉండాలి. పదిమంది పిల్లలు, ప్రతి కొలతదారూ ప్రతి బిడ్డనూ రెండుసార్లు కొలవాలి. మొదటి అంకెలు రాసిన కాగితం తీసేసుకున్నాకే రెండో దఫా. ఒక కొలతదారుకు పదిమంది మీద వచ్చిన తేడాలు మిల్లీమీటర్లలో 2, 0, 3, 1, 4, 2, 1, 0, 5, 2 అనుకోండి. ఒక్కొక్కదాన్నీ వర్గం చేసి కూడితే 64. దాన్ని పిల్లల సంఖ్యకు రెట్టింపైన 20తో భాగిస్తే 3.2, వర్గమూలం దాదాపు 1.8 మిల్లీమీటర్లు. ఇది ఆమె సాంకేతిక దోషం, అంటే ఒకే బిడ్డను మళ్లీ కొలిస్తే ఆమె అంకె ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత. ఇంత తక్కువుంటే చేయి బాగా కుదిరినట్టే. అదే పిల్లల్ని శిక్షకులు కొలిచిన అంకెలతో పోలిస్తే ఆమె ఎప్పుడూ ఒకే వైపు తప్పుతోందా అన్నది బయటపడుతుంది. తనతో తాను చక్కగా సరిపోలుతూ ప్రతి బిడ్డనూ సెంటీమీటరు పొట్టిగా కొలిచేవాళ్లు ఉంటారు. మోకాళ్లు అదమడానికి మనసొప్పక వచ్చే తప్పు అది. ఈ పరీక్ష మూడు నెలలకొకసారి మళ్లీ పెట్టాలి. పొడవు తెలిసిన కడ్డీతో కొలబల్లను, బరువు తెలిసిన రాళ్లతో త్రాసును ప్రతి ఉదయం సరిచూడాలి. చెక్క బల్ల తడికి ఉబ్బుతుంది, మెత్తటి నేల మీద డిజిటల్ త్రాసు అబద్ధం చెబుతుంది.

ఇక అలవాట్లు. ఇక్కడ బల్లా ఉండదు, త్రాసూ ఉండదు, అంతా జ్ఞాపకం మీదే.

తల్లిపాలు తప్ప ఇంకేమీ ఇవ్వలేదా అన్న ప్రశ్న ‘నిన్న పగలు, రాత్రి’ గురించే అడుగుతారు. ఆ ఒక్కరోజు పాలు మాత్రమే తాగిన బిడ్డ, మూడు రోజుల కింద నీళ్లు తాగినా ‘కేవలం తల్లిపాలు’ లెక్కలోకే వస్తుంది. జనాభా పరిస్థితి ఒక చూపులో తెలియడానికి ఈ ప్రశ్న సరిపోతుంది. ‘ఆరు నెలలూ కేవలం తల్లిపాలు తాగిన పిల్లలు’ అని దాన్ని మార్చి రాయడమే తప్పు. నిజం కావాలంటే డ్యుటీరియం పద్ధతి ఉంది. తల్లి కొలిచిన మోతాదులో భారజలం (డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) తాగుతుంది. 14 రోజుల పాటు తల్లీబిడ్డల లాలాజలం కొద్దికొద్దిగా తీసి పరీక్షిస్తారు. బిడ్డ ఎన్ని పాలు తాగిందో, పాలు కాక బయటి నీరు ఎంత చేరిందో దాన్నిబట్టి లెక్కకడతారు. ఖరీదైనదే. అందరికీ చేయనక్కర్లేదు, కొద్దిమందికి చేసినా తల్లులు చెప్పినదానికీ జరిగినదానికీ ఎంత దూరమో తెలుస్తుంది. 6 నుంచి 23 నెలల పిల్లల తిండి వైవిధ్యానికి ఇప్పటి గీటురాయి ఎనిమిది ఆహార రకాల్లో కనీసం ఐదు. అంతకుముందు ఏడింటిలో నాలుగు ఉండేది, తల్లిపాలు ఒక రకంగా లెక్కలోకి రాలేదు. పాత అంకెనూ కొత్త అంకెనూ ఒకే గ్రాఫులో గీత గీసి కలిపేవాళ్లను ఆపండి.

నిద్ర విషయంలో ‘రోజుకు ఎన్ని గంటలు పడుకుంటాడు?’ అన్నది చెడ్డ ప్రశ్న. పక్క మీదికి ఎప్పుడు చేరాడు, ఎప్పటికి నిద్రపట్టింది, రాత్రి ఎన్నిసార్లు లేచాడు, పగలు ఎప్పుడు కునుకు తీశాడు అని నిన్నటి రోజును ముక్కలుగా అడగాలి. తల్లిదండ్రులు సాధారణంగా పక్క మీదున్న సమయాన్నే నిద్రగా చెబుతారు, మధ్యలో చడీచప్పుడు లేకుండా మేలుకుని ఉన్నది వాళ్లకు తెలియదు. పోనీ కదలికలు నమోదుచేసే యాక్టిగ్రాఫ్ కడదామా? అది కదలకపోవడాన్నే నిద్ర అనుకుంటుంది. మెలకువగానే పడుకుని చూస్తున్న బిడ్డను నిద్రపోయినట్టు, ఊయలలోనో ఒడిలోనో ఊగుతూ నిద్రపోతున్న బిడ్డను మేలుకున్నట్టు రాస్తుంది. అందుకే పరికరంతో పాటు డైరీ తప్పదు, ఊపి నిద్రపుచ్చిన సమయం అందులో వేరుగా ఉండాలి.

ఆటల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. కదలిక ఎంత జోరుగా ఉందో నమోదుచేసే యాక్సిలరోమీటర్ డేటాను 60 సెకన్లకొక ముక్కగా కూడేస్తారు. పెద్దవాళ్లు నడకకు వెళ్తే ఇరవై నిమిషాలు ఒకే తీరుగా నడుస్తారు. పిల్లలు అలా కాదు. ఐదు సెకన్లు ప్రాణం పెట్టి పరుగెత్తి, ఆగి, నేల మీద ఏదో చూసి, మళ్లీ ఎగురుతారు. ఆ పరుగుల్ని నిమిషం సగటులో కలిపితే తేలికపాటి కదలికగా మారిపోతాయి, తీవ్రమైన శ్రమ మాయమవుతుంది. 5 నుంచి 17 ఏళ్లవాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల మధ్యస్థ, తీవ్ర శ్రమ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పిల్లలు ఆ గీత దాటారా లేదా అన్నది వాళ్ల కాళ్ల మీద ఎంత ఆధారపడిందో, మీరు ఎంచుకున్న ముక్క పొడవు మీదా అంతే ఆధారపడుతుంది. చిన్నపిల్లలకు 15 సెకన్లు మించొద్దు. అంతకంటే ముఖ్యం, కూడకముందరి ముడి డేటాను దాచండి. దానికయ్యే హార్డ్ డిస్క్ ఖర్చు వెనక్కి వెళ్లి అందరికీ మళ్లీ పరికరం కట్టే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

కౌమారం దగ్గర వయసే మోసం చేస్తుంది. ఫ్రాన్స్‌లో మోంబెయార్ అనే ఆయన 1759 నుంచి 1777 దాకా తన కొడుకు ఎత్తును విడవకుండా కొలిచి రాసిపెట్టాడు. ఒకే బిడ్డను ఏళ్లతరబడి కొలిచిన తొలి రికార్డుగా అందరూ చెప్పేది అదే. ఏడాదికి ఎంత పెరిగాడో గీస్తే కౌమారంలో ఒక్కసారిగా ఎగిసిన శిఖరం అందులో కనిపిస్తుంది. వేర్వేరు పిల్లల్ని వయసులవారీగా కొలిచి సగటు తీస్తే ఆ శిఖరం చదునైపోతుంది, ఎందుకంటే ఒకరికి అది పదకొండో ఏట వస్తుంది, మరొకరికి పదిహేనో ఏట. పదమూడేళ్లవాళ్లందరినీ ఒకచోట చేర్చి బరువు, నిద్ర, మూడ్ పోల్చడమంటే బాల్యంలో ఉన్నవాళ్లనీ యవ్వనంలో అడుగుపెట్టినవాళ్లనీ కలిపి పోల్చడమే. యుక్తవయసు దశ తెలియాలి. దానికి ఒంట్లో వచ్చే మార్పులను ఐదు దశలుగా చూపే టానర్ బొమ్మలు చూసి, తలుపు వేసిన గదిలో పిల్లలే తమ దశ మీద టిక్కు పెట్టే పద్ధతి ఉంది. వైద్యపరీక్ష అంత కచ్చితం కాదు, కానీ పిల్లల్ని సిగ్గుతో చంపదు.

అధ్యయనంలో చేరేవాళ్లకు హాని జరగకుండా చూసే నైతిక కమిటీల వారికి ప్రత్యేకంగా ఈ మాటలు. మూడు కిలోల పసిబిడ్డ ఒంట్లో మొత్తం రక్తం దాదాపు 240 మిల్లీలీటర్లు. ఐరోపాలో పాటించే సూచన ప్రకారం ఒకసారికి అందులో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం మించి పరిశోధన కోసం తీయకూడదు. అంటే ఒకసారికి 2.4 మిల్లీలీటర్లు. ప్రణాళికలో ‘కొద్దిగా రక్తం’ అని ఉంటే వెనక్కి పంపండి. ఏ పరీక్షకు ఎన్ని చుక్కలో, సూది మొదటిసారి కుదరకపోతే ఎన్నిసార్లు ప్రయత్నిస్తారో రాసి తెమ్మనండి.

తల్లి సంతకం పెట్టినంత మాత్రాన బిడ్డ ఒప్పుకున్నట్టు కాదు. మాటలు రాని బిడ్డ వెన్ను విల్లులా వంచి గుక్కపట్టి ఏడుస్తుంటే అదే జవాబు. ఆపాలి, తల్లి ఒడిలోకి ఇవ్వాలి, కావాలంటే ఇంకోపూట అడగాలి. అలా తీసిన కొలత ఎటూ తప్పే అవుతుంది, కాబట్టి ఇందులో దయకూ శాస్త్రానికీ పేచీ లేదు. పెద్దపిల్లలకు వాళ్ల భాషలో చెప్పి, వద్దనే వీలు నిజంగా ఇవ్వాలి. అమ్మానాన్నలు, టీచర్లు గదిలో ఉండగా ‘సిగరెట్ తాగుతావా’ అని అడిగితే వచ్చే జవాబును ఫైల్లో చేర్చకండి. హెడ్‌ఫోన్లలో ప్రశ్న విని, ట్యాబ్ మీద తానే నొక్కే పద్ధతి పెట్టండి. చనిపోవాలనిపిస్తోందా అనే ప్రశ్న అడిగేటట్టయితే, అవునన్నవాళ్లను అదే రోజు ఎవరు కలుస్తారో, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకెవరో తేలాకే అధ్యయనం మొదలవ్వాలి. అలాగే ఆరు నెలలు నిండి ఐదేళ్లలోపున్న బిడ్డ చేతి దండ చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తక్కువున్నా, రెండు పాదాల్లో నీరు చేరినా, ఆ సంగతి డేటాబేస్‌కు చేరడం కంటే ముందు వైద్యుడికి చేరాలి.

దీర్ఘకాల అధ్యయనాలకు ఇచ్చే నిధుల గురించి ఒక లెక్క చెప్పి ముగిస్తాం. ఏటా 5 శాతం పిల్లలు జారిపోతే పదేళ్లకు మిగిలేది 60 శాతం. జారిపోయేది ఇల్లు మారినవాళ్లు, పని కోసం తిరిగేవాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు. అంటే మనకు తెలియాల్సినవాళ్లే. వాళ్లను వెతికి పట్టుకునే మనుషులకు జీతం సాధారణంగా మూడో ఏట కోతపడుతుంది, విశ్లేషణకు మాత్రం పదో ఏట కూడా డబ్బుంటుంది. వచ్చే దఫా ప్రణాళికలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, కొలిచేవాళ్లు ఇద్దరుండేలా, వెతికేవాళ్లు చివరిదాకా ఉండేలా బడ్జెట్‌లో డబ్బు కేటాయించారో లేదో చూసి, లేకపోతే ఆ పేజీ మీద సంతకం పెట్టకండి.

ఇట్లు,
పిల్లల అధ్యయనాల్లో కొలతల శిక్షణ, డేటా తనిఖీ చేసే బృందం